ఆయాసమంతా ఉబ్బసమేనా?

మన ఇళ్ళలో పెద్దవారికెవరికైనా ఆయాసం వచ్చినదంటే దానికి వెంటనే ఉబ్బసమని పేరు పెట్టటం పరిపాటి. తెలంగాణ ప్రాంతంలో దమ్ము అంటారు. పేరు కుదిరిన మరునాటి నుండే వంటింటి వైద్యం ప్రారంభమవుతుంది. అడ్డసరపు ఆకు కషాయం, తేనెతో పిప్పలి చూర్ణం, మిరియాల పాలు, పడుకునే ముందు ఛాతీకి కర్పూరం కలిపిన నూనెతో మర్దన. ఇవన్నీ మంచి యోగాలే. వీటి గుణాలను గురించి ఇటువంటి పత్రికలలో నావంటి వైద్యులు ఎన్నోసార్లు వ్రాశారు. కాని ఏ యోగమైనా అది ఏ రోగానికి ఇస్తున్నామో తెలిసి ఇచ్చినప్పుడే మంచిది. ఆయాసం ఒక లక్షణం మాత్రమే. దాని వెనుక గుండె జబ్బు ఉండవచ్చు, రక్తహీనత ఉండవచ్చు, క్షయ ఉండవచ్చు. వీటిని గురించి పాఠకులకు కొంత తెలుసు. తెలియనిది మరొకటి ఉన్నది. ఊపిరితిత్తులలో గాలిబుడగలు ఏర్పడే వ్యాధులు. ఇవి అరుదైనవి. అరుదైనవి కావటం చేతనే సంవత్సరాల తరబడి మరొక పేరుతో చికిత్స పొందుతూ ఉంటాయి.

మృగశిర కార్తె ప్రవేశించే రోజున హైదరాబాదులో చేప మందు కోసం వేలాది జనం వరుసలో నిలబడటం అందరూ ఎరిగినదే. ఆ మందు మంచిచెడ్డలను ఇక్కడ చర్చించబోవటం లేదు. ఆ వరుసలో నిలబడినవారిలో నిజంగా ఉబ్బసం ఉన్నవారెందరు, ఉబ్బసమని అనుకుంటున్నవారెందరు అన్నదే నా ప్రశ్న. అక్కడ ఆ విచారణ జరిగే అవకాశమే లేదు. మన వైద్యశాలలలో మాత్రం అది జరగాలి కదా!

ముందుగా ఈ గాలిబుడగలు ఏమిటో చెప్పవలసి ఉన్నది. ఆరోగ్యవంతుని ఊపిరితిత్తి కొత్త స్పంజి వంటిది. కోట్లాది సూక్ష్మమైన గాలి గదులు, వాటి మధ్య పలుచని గోడలు. ఆ గోడలమీద అల్లుకున్న సన్నని నాళాలలోని రక్తం గాలి నుండి ప్రాణవాయువును గ్రహిస్తుంది. ఏదో కారణం చేత ఆ గోడలు నశించి, అనేక గదులు కలిసిపోయి, చుట్టూ పలుచని పొరతో ఒక గుండ్రని ఖాళీ ఏర్పడితే దానిని సిస్టు అంటున్నారు. ఇది కొన్ని మిల్లీమీటర్లు ఉండవచ్చు, కొన్ని సెంటీమీటర్లూ ఉండవచ్చు. లోపల ఉండేది గాలి మాత్రమే. గొర్రెలను, కుక్కలను పెంచే ప్రాంతాలలో కొందరికి ఊపిరితిత్తిలో నీటితో నిండిన ఒక పెద్ద తిత్తి ఏర్పడుతుంది. అది కుక్కల పేగులలో ఉండే బద్దెపురుగు వలన వచ్చే వేరొక వ్యాధి. రెండింటినీ కలిపి చూడరాదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పటం నా విధి. గాలిబుడగ అంటే గడ్డ కాదు, మలినం కాదు, పేరుకుపోయిన కఫం కాదు. అది ఖాళీ. ఉన్న పదార్థాన్ని కరిగించవచ్చు గాని, లేనిదానిని ఎవరు కరిగించగలరు? ఊపిరితిత్తులలోని సిస్టులను మూలికలతో కరిగిస్తామని ఎవరైనా చెబితే, వారికి సిస్టు అంటే ఏమిటో తెలియదనైనా అనుకోవాలి, తెలిసి చెబుతున్నారనైనా అనుకోవాలి. రెండవది మరీ ప్రమాదం.

మన శాస్త్రంలో శ్వాస రోగం ఐదు విధాలుగా చెప్పబడినది. మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస. మొదటి మూడు ప్రాణాంతకాలు. జనం ఉబ్బసమని వ్యవహరించేది తమకశ్వాస. చరకుడు దానిని వర్ణించిన తీరును శ్రద్ధగా చదివినవారికి ఒక విషయం బోధపడుతుంది. అది వేగంతో వస్తుంది, మళ్ళీ తగ్గుతుంది. మబ్బు పట్టినప్పుడు, చల్లగాలికి, తూర్పు గాలికి, కఫకర ఆహారానికి ప్రకోపిస్తుంది. గొంతులో కూతలు ఉంటాయి. కఫం బయటపడితే కొంతసేపు హాయిగా ఉంటుంది. పడుకుంటే బాధ, కూర్చుంటే ఉపశమనం, వేడి పదార్థాల మీద కోరిక. అనగా తమకశ్వాసకు ఒక రాకపోకల స్వభావం ఉన్నది. ఋతువుతో, వేళతో, ఆహారంతో సంబంధం ఉన్నది.

గాలిబుడగల వ్యాధిలో ఆయాసం సాధారణంగా ఈ విధంగా ఉండదు. అది చడీచప్పుడు లేకుండా వస్తుంది. గత సంవత్సరం రెండు అంతస్తులు ఎక్కిన మనిషి ఈ సంవత్సరం ఒక అంతస్తు దగ్గర నిలబడతాడు. వచ్చే సంవత్సరం బిందె ఎత్తటమే కష్టమవుతుంది. మబ్బుకూ ఎండకూ తేడా లేదు. అర్ధరాత్రి లేచి కూర్చోవలసిన అవసరం రాదు. కూర్చుంటే బాగానే ఉంటారు, కదిలితేనే ఆయాసం. తొలిదశలో ఇది క్షుద్రశ్వాసను పోలి ఉంటుంది. శ్రమ వలన కలిగి, విశ్రాంతితో తనంతట తానే తగ్గేది క్షుద్రశ్వాస. దానికి వైద్యం కూడా పెద్దగా అవసరం లేదని చెబుతారు. ప్రమాదమంతా ఇక్కడే ఉన్నది. ఇంట్లోవారు బలహీనత అంటారు, వయసు అంటారు, ఒళ్ళు వచ్చినదంటారు. రోగి కూడా అదే నమ్ముతాడు. అయితే క్షుద్రశ్వాస సంవత్సర సంవత్సరానికి పెరగదు. పెరుగుతున్నదంటే అది క్షుద్రం కాదు.

ఈ భేదం ఎప్పుడూ గీత గీసినట్లు ఉంటుందని పొరబడకూడదు. గాలిబుడగల వ్యాధి ఉన్నవారిలో కొందరికి పిల్లికూతలు కూడా వినిపిస్తాయి. ఇన్‌హేలర్ వాడితే కొంత తెరిపి కలుగుతుంది. అది చూసి ఉబ్బసం నిర్ధారణ అయినదని అనుకుంటే విచారణ అంతటితో ఆగిపోతుంది.

రెండవ సూచన ఆయాసం కంటే బలమైనది. ఉన్నట్టుండి ఒక ప్రక్క ఛాతీలో పొడిచినట్లు నొప్పి, దానితో ఊపిరి ఆడకపోవటం. గాలిబుడగ పగిలి, లోపలి గాలి ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరల మధ్యకు చేరి, ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. దీనిని న్యూమోథొరాక్స్ అంటారు. ఇది ఇంటి వైద్యానికి సమయం కాదు. ఆవిరి పట్టటానికి, కాపడం పెట్టటానికి సమయం కాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ అవసరాన్నిబట్టి ప్రక్కటెముకల మధ్య గొట్టం వేసి గాలి తీస్తారు. నా ఫిర్యాదు ఆ తరువాతి ఘట్టం గురించి. గొట్టం తీసివేసి రోగిని ఇంటికి పంపించేటప్పుడు ఆ ఊపిరితిత్తి ఎందుకు పగిలినదని అడిగేవారు తక్కువ. పొడుగ్గా, సన్నగా ఉన్న యువకులలో ఏ వ్యాధి లేకుండానే ఇది జరగవచ్చును. పొగ త్రాగే వారిలో మరింత ఎక్కువ. కాని పొగ అలవాటు లేని 30 ఏళ్ళ స్త్రీకి ఊపిరితిత్తి ఊరికే పగలదు. కారణం వెదకాలి.

మన దేశంలో ఆ కారణం పేరు చాలాచోట్ల ముందే వ్రాసిపెట్టి ఉంటుంది. అది క్షయ. ప్రపంచంలోని క్షయ రోగులలో సుమారు నాలుగవ వంతు భారతదేశంలోనే ఉన్నారు కనుక వైద్యుని మనసు అటు పోవటం సహజమే. క్షయను అనుమానించటం తప్పు కాదు. కఫాన్ని పరీక్షించకుండా, క్రిమి కనబడకుండా, ఎక్స్‌రేలో ఏదో నీడ ఉన్నదని ఆరు నెలలు మందులు మింగించటం మాత్రం సరికాదు. నేడు ప్రభుత్వ ఆసుపత్రులలో కఫంలోని క్షయ క్రిమిని కొద్ది గంటలలో పట్టే యంత్రాలు ఉన్నాయి. పరీక్ష ఉచితం. అయినప్పటికీ ఊహ మీద వైద్యం జరుగుతున్నది.

ఒక ఉదాహరణ చెబుతాను. కొన్నేళ్ళ క్రితం గోదావరి జిల్లాకు చెందిన ఒక ఉపాధ్యాయిని తన అన్నగారితో కలిసి నా వద్దకు వచ్చినది. వయసు 36. మూడేళ్ళుగా ఉబ్బసమని ఇన్‌హేలర్ వాడుతున్నది. దానిని మానివేసి ఆయుర్వేదం వాడాలని ఆమె కోరిక. నాడి చూశాను. తరువాత అడగటం ప్రారంభించాను.

"ఏమ్మా, ఆయాసం రాత్రిపూట ఎక్కువా, పగలు ఎక్కువా?"

"రాత్రి ఏమీ ఉండదండి. మేడమీది తరగతికి వెళ్ళేటప్పుడే. మధ్యలో రెండుసార్లు నిలబడాల్సి వస్తోంది."

"వర్షాకాలంలో పెరుగుతుందా?"

"అన్ని కాలాలూ ఒకటేనండి."

ఇంతలో అన్నగారు అందుకొని, రెండేళ్ళ క్రితం ఒకసారి ఊపిరితిత్తి ముడుచుకుపోతే గొట్టం వేశారనీ, తరువాత ఆరు నెలలు క్షయ మందులు వాడామనీ చెప్పాడు. కఫంలో క్రిములు కనబడ్డాయా అని అడిగాను. "లేదండి, ఫొటో చూసి ఇచ్చారు" అన్నాడు. అప్పుడు కడుపు, నడుము సంగతి అడిగితే, కుడి డొక్కలో బరువుగా ఉంటుందని ఆమె చెప్పినది. ఎప్పుడో తీసిన స్కానులో మూత్రపిండం మీద కొవ్వు గడ్డ ఉన్నదని వ్రాశారట. దానిని ఎవరూ పట్టించుకోలేదు.

ఆయాసం, పగిలిన ఊపిరితిత్తి, మూత్రపిండంలో కొవ్వు గడ్డ. మూడూ మూడు కాగితాలలో, మూడు ఆసుపత్రుల సంచులలో ఉన్నాయి. వాటిని ఒకచోట పరచి చూసినవారు లేరు. నేను ఆ రోజు ఏ మందూ ఇవ్వలేదు. ఛాతీ వైద్య నిపుణునికి ఉత్తరం వ్రాసి, సి.టి. స్కాన్ తీయించమని పంపించాను. ఫీజు తీసుకోకుండా ఉత్తరం ఒక్కటే చేతిలో పెట్టేసరికి అన్నగారికి కొంత నిరుత్సాహం కలిగినట్లే కనబడినది. పది రోజులకు నివేదిక వచ్చినది. రెండు ఊపిరితిత్తులలోనూ పైనుండి క్రిందిదాకా ఒకే మాదిరి గుండ్రని, పలుచని గోడ కలిగిన గాలిబుడగలు.

ఈ వ్యాధిని పొట్టిగా లామ్ అంటారు. పూర్తి పేరు లింఫాంజియోలియోమయోమటోసిస్. పేరు నోరు తిరగనిదే గాని విషయం కష్టమైనది కాదు. మృదు కండరపు కణాలను పోలిన అసహజ కణాలు ఊపిరితిత్తులలో చేరి గోడలను క్రమంగా తినివేస్తాయి. ఇది దాదాపుగా స్త్రీలకే వచ్చే వ్యాధి. అందులోనూ ఋతుక్రమం సాగుతున్న వయసులోనే ఎక్కువ. స్త్రీ హార్మోను అయిన ఈస్ట్రోజన్ దీనికి ఆజ్యం పోస్తుంది. అందువలన ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వీరికి నిషిద్ధం. గర్భధారణలో వ్యాధి పెరిగే ప్రమాదం ఉన్నది గనుక ముందుగా నిపుణునితో మాట్లాడి నిర్ణయించుకోవాలి. వీరిలో సగానికి పైగా స్త్రీలకు ఎప్పుడో ఒకప్పుడు ఊపిరితిత్తి పగులుతుంది, ఒకసారి పగిలినది మళ్ళీ పగిలే అవకాశం చాలా ఎక్కువ. కనుక మొదటిసారికే పొరలను అతికించే చికిత్స చేయటం మంచిదని నిపుణుల అభిప్రాయం. కొందరిలో ఛాతీలో పాలవంటి తెల్లని నీరు చేరుతుంది.

ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు వ్యాధి ఉన్న స్త్రీలలో లామ్ తరచుగా కనబడుతుంది. ఇక్కడ మన దర్శన పరీక్షకు పని ఉన్నది. ముక్కుకు ఇరుప్రక్కలా, బుగ్గల మీద ఎర్రని చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిని మొటిమలనుకొని ముల్తానీ మట్టి, పసుపు పూస్తూ ఉంటారు. ఒంటిమీద ఆకు ఆకారంలో తెల్లని మచ్చలు ఉంటాయి. వాటిని బొల్లి అనుకుంటారు. చిన్నతనంలో మూర్ఛలు వచ్చి ఉండవచ్చు. ఆయాసమని వచ్చిన రోగి ముఖాన్ని, చర్మాన్ని వెలుతురులో చూడకుండా నాడి మాత్రమే పట్టుకొని కూర్చునే వైద్యుడు సగం పరీక్ష చేసినట్లు.

చర్మం చూసి తెలుసుకోదగిన మరొక వ్యాధి ఉన్నది. 1977లో దీనిని వివరించిన ముగ్గురు కెనడా వైద్యుల పేర్లతో బర్ట్-హాగ్-డ్యూబే అని వ్యవహరిస్తారు. ముక్కు, బుగ్గలు, మెడ మీద తెల్లని గింజల వంటి బుడిపెలు, ఊపిరితిత్తుల క్రింది భాగంలో గాలిబుడగలు, మూత్రపిండాలలో కంతులు ఏర్పడే ప్రమాదం. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగం పాళ్ళు వచ్చే అవకాశం. కనుక రోగిని అడగవలసిన ప్రశ్న ఇది: మీ ఇంట్లో, మీ నాన్నగారికి గాని, మేనత్తలకు గాని, అన్నదమ్ములకు గాని ఊపిరితిత్తి ముడుచుకుపోయినదా? ఒకే కుటుంబంలో ఇద్దరికి అలా జరిగితే దానిని యాదృచ్ఛికమని వదలివేయరాదు. ఇందులో ఊపిరితిత్తులకంటే మూత్రపిండాలనే జీవితాంతం కనిపెట్టి ఉండాలి.

మూడవది పొగ త్రాగేవారిది. లాంగర్‌హాన్స్ కణాల వ్యాధి అంటారు. 20 నుండి 40 ఏళ్ళ వారిలో ఎక్కువ. బుడగలు వంకరటింకరగా, పై భాగంలో ఎక్కువగా ఉండి, వాటి మధ్య చిన్న చిన్న గింజలు కనబడతాయి. కొందరిలో అతిదాహం, అతిమూత్రం కూడా ఉంటాయి. అది చూసి ప్రమేహమని నిర్ణయించటం తొందరపాటు. ఈ వ్యాధికి ప్రథమ ఔషధం బీడీ, సిగరెట్టు, చుట్ట పూర్తిగా మానివేయటమే. మానిన తరువాత చాలామందిలో వ్యాధి నిలకడ చెందుతుంది, కొందరిలో గింజలు అదృశ్యమవుతాయి కూడా. ఒక అప్రస్తుత ప్రసంగం. పొగ అలవాటును గురించి స్త్రీలను అడగటానికి మన వైద్యులు మొహమాటపడతారు. ఉత్తర కోస్తాలో నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకొని అడ్డపొగ త్రాగే స్త్రీలు ఎందరో ఉన్నారు. అడగనిదే వారు చెప్పరు.

కళ్ళు, నోరు ఎండిపోవటం, కీళ్ళ నొప్పులు ఉన్నవారిలో షోగ్రెన్ అనే వ్యాధి వలన కూడా బుడగలు ఏర్పడవచ్చును. ఋతుస్రావం మొదలైన ఒకటి రెండు రోజులలోనే కుడి ప్రక్క ఊపిరితిత్తి పగలటం మరొక ప్రత్యేక వ్యాధి. రోగి తనంతట తాను ఈ రెంటికీ ముడి వేయలేదు, అడగాలి.

ఇవన్నీ ప్రశ్నించి, చూసి, అనుమానించే విషయాలు. నిర్ధారణ మాత్రం సి.టి. స్కాన్ వలననే జరుగుతుంది. అందులోనూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మందంతో పలుచని పొరలుగా తీసే హెచ్.ఆర్.సి.టి. కావాలి. సాధారణ ఎక్స్‌రేలో తొలిదశ గాలిబుడగలు కనబడకపోవచ్చు. ఎక్స్‌రే బాగున్నదని ధైర్యపడి ఇంటికి వెళ్ళినవారిని నేను ఎరుగుదును. ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష కూడా మొదట్లో సరిగానే ఉండవచ్చు. ఊపిరితిత్తి నుండి రక్తంలోకి వాయువు ఎంత చేరుతున్నదో కొలిచే డి.ఎల్.సి.ఓ. పరీక్షలో ముందుగా లోపం తెలుస్తుంది. సి.టి.లో లామ్ వంటి బుడగలు కనబడినప్పుడు రక్తంలో వి.ఇ.జి.ఎఫ్-డి అనే పదార్థం మిల్లీలీటరుకు 800 పికోగ్రాములు లేదా అంతకు మించి ఉంటే ముక్క కోసి పరీక్షించే అవసరం లేకుండానే వ్యాధిని నిర్ధారించవచ్చు. సి.టి.లో కనబడే ప్రతి నల్లని చుక్కా సిస్టు కాదు. పొగ వలన వచ్చే ఎంఫిసీమాలో ఖాళీలు ఉంటాయి గాని వాటికి స్పష్టమైన గోడ ఉండదు. క్షయ వలన ఏర్పడిన గుహలకు గోడ దళసరిగా ఉంటుంది.

ఇక్కడ నా తోటి వైద్యులతో నాకు అభిప్రాయభేదం. నేను గురుకులంలో, గురువుగారి పాదాల వద్ద కూర్చుని చదువుకున్నవాడిని. ఆయుర్వేద వైద్యుడు రోగిని స్కానుకు పంపటం శాస్త్రానికి అవమానమని, నాడీ జ్ఞానం లేనివాడే యంత్రాన్ని ఆశ్రయిస్తాడని కొందరు పెద్దలు నాతో అన్నారు. వారిపట్ల నాకు గౌరవమే. కాని సుశ్రుతుడు ఏమి చేశాడో వారు మరచిపోయినట్లున్నారు. శరీరాన్ని తెలుసుకోదలచిన శిష్యుడు శవాన్ని పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, కుంచెతో చర్మాన్ని పొరలు పొరలుగా తొలగిస్తూ కంటితో చూడవలెనని విధించాడు. కంటితో చూసినదీ, శాస్త్రంలో చదివినదీ కలిసినప్పుడే జ్ఞానం వృద్ధి పొందుతుందని ఆయన మతం. సి.టి. స్కాన్ చేసేది కూడా శరీరాన్ని పొరలు పొరలుగా చూపటమే, బ్రతికి ఉండగా చూపటం. సుశ్రుతుడు నేడు ఉంటే ఆ చిత్రాల ముందు నుండి లేచేవాడు కాడని నా నమ్మకం. చరకుడు ఇంకొక మాట అన్నాడు. అన్ని రోగాలకూ స్థిరమైన పేర్లు లేవు గనుక పేరు చెప్పలేకపోయినందుకు వైద్యుడు సిగ్గుపడనక్కరలేదని ఆయన భావం. తెలియని ఆయాసానికి ఉబ్బసమని తోచిన పేరు పెట్టటం కంటే, తెలియలేదని చెప్పి తెలుసుకోవటానికి పంపటమే ఆ మాటకు తగినది.

అట్లాగని దగ్గు వచ్చిన ప్రతివారూ స్కాన్ కేంద్రానికి పరుగెత్తమని నేను చెప్పటం లేదు. అది డబ్బు దండుగ, కిరణాల ప్రభావం కూడా ఉన్నది. ఆయాసపడే స్త్రీలలో అధిక సంఖ్యాకులకు ఉన్నది రక్తహీనతే. ముందు హీమోగ్లోబిన్ చూడండి. వయసు మళ్ళినవారి స్కానులో ఒకటి రెండు చిన్న గాలిబుడగలు కనబడటం సాధారణం, దానికి బెంగపడనక్కరలేదు. 40 ఏళ్ళ లోపు వారిలో అనేకం కనబడితే ఆలోచించాలి.

నిర్ధారణ కాకుండా చికిత్స చేస్తే వచ్చే నష్టం డబ్బు, కాలం మాత్రమే కాదు. తమకశ్వాసలో కఫం బలంగా ఉండి రోగి బలవంతుడైతే స్నేహ స్వేదాల తరువాత వమనం చేయించటం శాస్త్ర సమ్మతం. కాని వమన వేగంలో ఛాతీలోని ఒత్తిడి ఎంత పెరుగుతుందో ఆలోచించండి. ఊపిరితిత్తుల నిండా పలుచని గాలిబుడగలు ఉన్న మనిషికి ఆ ఒత్తిడి క్షేమం కాదు. ఒకసారి ఊపిరితిత్తి పగిలిన చరిత్ర ఉన్న రోగికి స్కాన్ చూడకుండా వమనం చేయించే వైద్యుని దగ్గరకు నా ఇంటివారిని పంపను. కపాలభాతి, భస్త్రిక, బలవంతపు కుంభకం విషయంలోనూ నా అభిప్రాయం ఇదే. కపాలభాతి చేస్తూ ఊపిరితిత్తి పగిలిన ఒక స్త్రీ ఉదంతం 2004లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో ప్రచురితమైనది. టి.వి. చూసి ప్రాణాయామం చేసేవారు దీనిని గుర్తించాలి. నెమ్మదిగా, బలవంతం లేకుండా ఊపిరి పీల్చి వదలటం వేరు.

ఔషధాల సంగతి. లామ్ వ్యాధిని నిలువరించగల మందు ఒకటి నేడు ఉన్నది. పేరు సిరోలిమస్. దీని పుట్టుక మన పాఠకులకు ఆసక్తి కలిగిస్తుంది. పసిఫిక్ మహాసముద్రంలో రాపా నుయ్ అనే చిన్న ద్వీపం నుండి 1960లలో తెచ్చిన మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి దీనిని తీశారు. ఆ ద్వీపం పేరు మీదనే మొదట రాపామైసిన్ అన్నారు. 2011లో వెలువడిన పరిశోధనలో, ఈ మందు వాడినంతకాలం లామ్ రోగుల ఊపిరి సామర్థ్యం తగ్గకుండా నిలిచినదని, మానివేస్తే మళ్ళీ తగ్గసాగినదని తేలినది. 2015లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఈ వ్యాధికి దీనిని ఆమోదించినది. పోయిన ఊపిరితిత్తిని ఇది తిరిగి తీసుకురాదు, ఉన్నదానిని కాపాడుతుంది. అందుకే ఎంత ముందు తెలిస్తే అంత మేలు. ఆ ఉపాధ్యాయిని ఇప్పుడు ఈ మందు మీదనే ఉన్నది. మేడ ఎక్కేటప్పుడు ఇప్పటికీ నిలబడుతుంది, కాని మునుపటికంటే ఎక్కువసార్లు కాదు. మూడేళ్ళ ముందు తెలిసి ఉంటే నిలబడవలసిన అవసరం ఉండేది కాదేమో.

ఈ మందు వాడేవారు వంటింటి మందులలో జాగ్రత్త పడాలి. మిరియాలు, పిప్పళ్ళలో ఉండే పైపరీన్ కొన్ని అల్లోపతి మందులను రక్తంలో ఎక్కువగా నిలువ ఉండేటట్లు చేస్తుంది. పప్పుచారులో వేసే మిరియాలకు భయపడనక్కరలేదు. ప్రతిదినం త్రికటు చూర్ణం తినటం మాత్రం వైద్యునికి చెప్పకుండా చేయరాదు. గ్రేప్‌ఫ్రూట్ పండు ఈ మందు మోతాదును రక్తంలో పెంచుతుంది. దానికి దగ్గరి చుట్టమైన పంపరపనసను కూడా మానటం మంచిది. స్త్రీలకు బలమని పెట్టే శతావరీ లేహ్యాన్ని ఈ వ్యాధిలో నేను ఇవ్వను. ఆ ఉపాధ్యాయినికి తల్లిగారు ప్రేమతో పెడుతున్నదానిని కూడా మాన్పించాను. ఆయుర్వేదానికి ఇందులో పని లేదని దీని అర్థం కాదు. ఆకలి, మలశుద్ధి, నిద్ర, ఒంటి బలం సరిచూడటం, పొగకు దుమ్ముకు దూరంగా ఉంచటం, తేలికైన వేడి ఆహారం, మిత వ్యాయామం. నేను చేస్తున్నది అంతే. అది చిన్న పని కాదు.

గృహస్థులకు చివరిగా ఒక మాట. హైదరాబాదులో ఎర్రగడ్డ ఛాతీ వైద్యశాల, విశాఖపట్నంలో ప్రభుత్వ ఛాతీ వైద్యశాల వంటి చోట్ల ఊపిరితిత్తుల నిపుణులు ఉన్నారు. వెళ్ళేటప్పుడు పాత కాగితాలన్నీ, కడుపు స్కాను, చర్మ వైద్యుని చీటీతో సహా, ఒకే సంచిలో తీసుకువెళ్ళండి. సి.టి. తీయించినప్పుడు నివేదిక కాగితాన్ని దాచి చిత్రాలున్న సి.డి.ని పారవేయకండి. నివేదికలో సిస్టులు ఉన్నాయని ఒక్క ముక్క వ్రాసి వదలివేస్తే, అవి ఎన్ని, ఏ భాగంలో, ఏ ఆకారంలో, గోడ ఎలా ఉన్నదని నిపుణుని అడగండి. రెండేళ్ళ తరువాత తీసే చిత్రంతో పోల్చటానికి ఆ పాత సి.డి.యే కావాలి.